ఎస్‌ఆర్‌ఎస్ కమిషనింగ్‌కు ముందు: చిన్న బీమ్ డోసు కొలిచేవాళ్లకు జాగ్రత్తలు

కొత్త లీనాక్ (రేడియేషన్ చికిత్స చేసే మిషన్) వచ్చింది, పేషెంట్లకు వాడేముందు దాని బీమ్‌లు కొలిచి సిద్ధం చేసే కమిషనింగ్ జరుగుతోంది. మెదడు కణితులకు ఎస్‌ఆర్‌ఎస్ (సన్నటి బీమ్‌లను కచ్చితంగా గురిపెట్టే స్టీరియోటాక్టిక్ చికిత్స) ఎప్పుడు మొదలుపెడదాం అని డాక్టర్లు రోజూ అడుగుతుంటారు. చిన్న ఫీల్డ్ (బీమ్ పడే చోటు) కొలతల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ తొందరలోనే. 10×10 సెంటీమీటర్ల ఫీల్డ్‌లో చెయ్యి తిరిగిన ఫిజిసిస్టు కూడా 1×1 దగ్గరికి వచ్చేసరికి పాత అలవాట్లు పక్కన పెట్టాల్సిందే.

ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 2006-07లో స్టీరియోటాక్టిక్ చికిత్స తీసుకున్న 145 మందికి ఎక్కువ డోసు పడింది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004-09 మధ్య 76 మందికి దాదాపు 50 శాతం ఎక్కువ వెళ్లింది. రెండు చోట్లా మిషన్‌లో లోపం లేదు. చిన్న ఫీల్డ్‌ను దానికి సరిపోని పెద్ద చాంబర్‌తో (లోపలి గాలి ద్వారా రేడియేషన్‌ను కొలిచే పరికరం) కొలిచారు, అంతే. చాంబర్ తక్కువ చూపిస్తే పేషెంటుకు ఎక్కువ ఎందుకు పడుతుందంటారా? ఉదాహరణకు అసలు అవుట్‌పుట్ ఫ్యాక్టర్ (10×10తో పోలిస్తే ఈ ఫీల్డ్‌లో వచ్చే డోసు) 0.66 అనుకోండి, చాంబర్ 0.44 చూపించింది. ఈ బీమ్ నుంచి డోసు తక్కువే వస్తుందని ప్లానింగ్ సిస్టమ్ లెక్కేసుకుని, ఒకటిన్నర రెట్లు మానిటర్ యూనిట్లు (మిషన్ ఎంత బీమ్ ఇవ్వాలో చెప్పే లెక్క) ఇస్తుంది. రోజూ చేసే క్యూఏ (నాణ్యత పరీక్ష) 10×10లోనే కాబట్టి అది హాయిగా పాసవుతుంది. అదే చాంబర్‌తో మళ్లీ కొలిచినా అదే 0.44 వస్తుంది. రీడింగ్ కదలకుండా వస్తోందంటే కొలత సరిగ్గా ఉందని కాదు.

మామూలు ఫీల్డులకు వాడే ఫార్మర్ చాంబర్ లోపలి పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. 1×1 ఫీల్డ్‌లో దాన్ని పెట్టి కొలవడమంటే, గోపురం కలశం ఎత్తు అడిగితే గోపురం సగటు ఎత్తు చెప్పినట్టే. ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ), ఏఏపీఎం (అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం) కలిసి 2017లో తెచ్చిన చిన్న ఫీల్డ్ కొలతల మార్గదర్శి టీఆర్ఎస్-483 ప్రకారం 6 ఎంవీ (మెగావోల్టుల) బీమ్‌లో చాంబర్ అంచులు దాటాక రెండు పక్కలా ఇంకో 12 మిల్లీమీటర్ల చొప్పున ఫీల్డ్ ఉండాలి. కూడితే 48. అంటే 5 సెంటీమీటర్ల లోపు ఫీల్డ్ దేనికీ ఫార్మర్‌ను పెట్టె నుంచి తీయొద్దు.

పిన్‌పాయింట్ (అతి చిన్న) చాంబర్, షీల్డ్ లేని డయోడ్ (సిలికాన్ డిటెక్టర్), మైక్రోడైమండ్ (వజ్రంతో చేసిన చిన్న డిటెక్టర్) వీటిలో కనీసం రెండు రకాలతో కొలవండి. బాగా చిన్న ఫీల్డుల్లో చాంబర్ తక్కువ చూపిస్తుంది, డయోడ్ ఎక్కువ చూపిస్తుంది. టీఆర్ఎస్-483 పట్టికల్లోని కరెక్షన్ ఫ్యాక్టర్లు వేశాక రెండూ దగ్గరికి రావాలి. రాకపోతే సగటు తీసి సరిపెట్టుకోవద్దు. ఎక్కడో తప్పుంది, వెతకండి. కరెక్షన్ 5 శాతం దాటితే ఆ ఫీల్డ్‌కు ఆ డిటెక్టర్ పనికిరాదు. డయోడ్ రీడింగును నేరుగా 10×10తో పోల్చకుండా, 4×4 దగ్గర చాంబర్‌తో ముడిపెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం సెంటరింగ్‌కే ఇవ్వండి. లేజర్ చూసి పెట్టాం, చాలు అనుకోవద్దు. రెండు దిక్కులా ప్రొఫైల్ (బీమ్ ఒక అంచు నుంచి రెండో అంచు దాకా డోసు గీత) స్కాన్ చేసి, 50 శాతం బిందువుల మధ్యకు డిటెక్టర్‌ను జరపండి. నీళ్ల ట్యాంకులో ముందు 5 సెంటీమీటర్ల లోతులో, తర్వాత 20లో చూడండి. లోతు మారితే సెంటర్ కూడా జరిగిందంటే ట్యాంకు లెవెల్ అయినా తప్పి ఉండాలి, గ్యాంట్రీ (బీమ్ వచ్చే తలను మోసే చేయి) అయినా వంగి ఉండాలి. జాలు (ఫీల్డ్ అంచులు కట్టే లోహపు దిమ్మెలు) మూసి మళ్లీ తెరిచి, ప్రతిసారీ రీడింగ్ తీసుకోండి. ఫీల్డ్ సైజు కన్సోల్ మీద అంకె నుంచి రాసుకోకండి, ప్రొఫైల్‌లో సగం ఎత్తు దగ్గర వెడల్పు కొలిచి రాయండి. స్కాన్ సమయంలో బీమ్ హెచ్చుతగ్గులు చూడటానికి పెట్టే రిఫరెన్స్ చాంబర్‌ను చిన్న బీమ్‌కు అడ్డంగా బిగించే అలవాటు కూడా మానాలి.

పిన్‌పాయింట్ సిగ్నల్ చాలా చిన్నది. కేబుల్ మీద బీమ్ పడినా, కాస్త లీకేజీ ఉన్నా లెక్క మారిపోతుంది. పోలారిటీని (వోల్టేజీ ప్లస్, మైనస్ మార్చినప్పుడు రీడింగులో వచ్చే తేడా) ప్రతి ఫీల్డ్ సైజుకూ విడిగా చూడండి.

హైదరాబాద్ వాళ్లకు ఒక మాట. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, గదిలో గాలి పీడనం సుమారు 950 హెక్టోపాస్కల్ ఉంటుంది. ఫోన్ యాప్ మాత్రం సముద్రమట్టానికి సరిచేసి 1010 దాకా చూపిస్తుంది. చాంబర్ లోపలి గాలి సాంద్రతను సరిచేసే లెక్కలో దాన్నే వేస్తే రిఫరెన్స్ డోసులోనే 6 శాతం తేడా. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న వైజాగ్‌లో ఇదే పొరపాటు జరిగినా బయటపడదు. కాబట్టి గదిలో కాలిబ్రేట్ చేసిన బారోమీటర్ ఉండాలి. థర్మామీటర్ నీళ్లలోనే ఉండాలి, అదీ నీళ్లు గది వేడికి సర్దుకున్నాక.

చివరగా ఫాంటమ్‌లో (శరీరానికి బదులు పెట్టే నమూనా) రేడియేషన్ పడితే రంగు మారే ఫిల్మ్ పెట్టి, సీటీ నుంచి ట్రీట్‌మెంట్ దాకా అచ్చం పేషెంటుకు చేసినట్టే చేసి చూడండి. ఫిల్మ్‌ను ఓ రోజు ఆగి స్కాన్ చేయండి, కాలిబ్రేషన్ ముక్కల్ని ఏ వైపు పెట్టి స్కాన్ చేశారో దీన్నీ అటే పెట్టాలి. వేరే సెంటర్ ఫిజిసిస్టును తన డిటెక్టర్‌తో, తన ఎలక్ట్రోమీటర్‌తో (డిటెక్టర్ సిగ్నల్‌ను చదివే మీటర్) రమ్మనండి. మీ నంబర్లు ముందే చూపించొద్దు. ఆయన రీడింగులు మీ పట్టికతో కలిశాకే మొదటి పేషెంటుకు తేదీ ఇవ్వండి.