పార్సిల్ రాలేదా? డెలివరీ అన్నతో కాదు, యాప్‌తో కొట్లాడండి

మా అనంతపురంలో ఇది రోజూ ఎవరో ఒకరింట్లో జరిగేదే. పొద్దున్నే యాప్‌లో "అవుట్ ఫర్ డెలివరీ" అని పడతాది, మనం యాడికీ పోకుండా ఇంట్లోనే కూచుంటాం, పొద్దు గూకినాక "కస్టమర్ అందుబాటులో లేరు, డెలివరీ కుదరలేదు" అని మెసేజ్ వస్తాది. అవ్వ పొద్దుట్నుంచి అరుగు మీదే కూచోనుంటాది, వీధిలోకి కొత్త బండి వస్తే ఎవరిదో కనుక్కోకుండా వదిలే మనిషి కాదు, ఆమె కంట్లో పడకుండా ఎవరొచ్చి పోయినట్టు? ఆ కోపంలో డెలివరీ పిల్లోనికి ఫోన్ చేసి నాలుగు మాటలంటాం, వాడూ తిరిగి రెండంటాడు, పార్సిల్ మాత్రం హబ్బులోనే, అంటే కొరియర్ వాళ్ల గోడౌన్‌లోనే ఉంటాది.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ దగ్గర డబ్బు తీసుకునింది డెలివరీ పిల్లోడు కాదు, యాప్ వాళ్లు, వాళ్ల దగ్గర సరుకు పెట్టినోళ్లు. కొరియర్ వాళ్లతో మాట్లాడుకోవల్సింది వాళ్లు, మనం కాదు. ఇంగ ఆ పిల్లోడి సంగతంటారా, చాలామందికి పార్సిల్‌కి ఇంత అని లెక్క, సాయంత్రానికి ప్రతి పార్సిల్ పక్కన ఏదో ఒక రిమార్కు వేయల్ల, మిగిలిపోయినవాటికి "కస్టమర్ లేరు" అని నొక్కేస్తే ఆ రోజుకి గొడవ తీరిపోతాది. అది తప్పే, కానీ ఆ తప్పుకి జవాబు పైనోళ్ల దగ్గర్నుంచి రాబట్టుకోవల్ల. అందుకే మీరు చేసే ప్రతి పనీ రాతలో ఉండల్ల, ఫోన్లో అరిచింది ఏదీ రేపు పనికిరాదు.

సరే, మొదట్నుంచి చూద్దాం. సగం గొడవలు అడ్రసు దగ్గరే మొదలయితాయి. డోర్ నెంబర్ రాయండి, కానీ దాన్నే నమ్ముకోవద్దండి, పాత నెంబరు ఒకటి కొత్త నెంబరు ఒకటి ఉండే ఇండ్లు మన ఊర్లలో బోలెడు. సాయినగర్ అని రాస్తే చాలదు, ఎన్నో క్రాసు, దేనికి ఎదురుగా, కింద ఇల్లా మిద్దె మీదా అన్నీ రాయండి. గుర్తు చెప్పేటప్పుడు "టవర్ క్లాక్ దగ్గర" అంటే ఊర్లో సగం దాని దగ్గరే, కర్నూల్లో కొండారెడ్డి బురుజు అన్నా, కడపలో ఏడు రోడ్ల కూడలి అన్నా అంతే. మీ సందు మొదట్లో ఉండే మసీదో, అంగడో, పిండిమరో రాస్తే పని తొందరగా అయితాది. పోస్టు శాఖ 2025లో డిజిపిన్ అని 10 అక్షరాల కోడ్ తెచ్చింది, సుమారు 4 మీటర్ల చదరానికి ఒక కోడ్, అది కూడా ఒక లైన్లో వేయండి నష్టం లేదు, కానీ మన పిల్లోళ్లకి పిండిమర గుర్తే ముందు అర్థమయితాది.

జిల్లా పేరు గురించి కంగారు పడేవాళ్లున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినాక ధర్మవరం, హిందూపురం, కదిరి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయినాయి, నంద్యాల వేరే జిల్లా అయింది, యాప్‌లో ఇంకా పాత జిల్లానే చూపిస్తే ఏమయితాదో అని. ఏం కాదు. ధర్మవరం పిన్ 515తోనే, నంద్యాల పిన్ 518తోనే మొదలయితాది ఇప్పటికీ, పార్సిల్ పిన్‌కోడ్‌ని పట్టుకునే వస్తాది. ఆరంకెలు మాత్రం తప్పు కొట్టొద్దండి, ఒక్క అంకె మారితే మీ సరుకు వేరే ఊరు చూసొస్తాది.

ఇంగ ఫోన్. స్పామ్ కాల్స్ బాధ పడలేక తెలీని నెంబర్లన్నీ సైలెంట్‌లో పెట్టుకునే సెట్టింగ్ చాలామంది ఆన్ చేసుకోనుంటారు, కొన్ని యాప్‌లేమో డెలివరీ వాళ్ల కాల్ వాళ్ల సొంత నెంబర్ నుంచి కాకుండా వేరే నెంబర్ మీదుగా కలుపుతాయి, అది మన ఫోన్‌లో మోగనే మోగదు. ఆర్డర్ వచ్చే రోజు ఆ సెట్టింగ్ తీసేయండి. ఆఫీసులో ఉండేవాళ్లు ఇంట్లో ఉండే మనిషి నెంబర్ అడ్రసులోనే రెండో నెంబర్‌గా వేయండి. ఓటీపీ అడిగే ఆర్డరయితే ఆ ఓటీపీ ముందే ఇంట్లోవాళ్లకి పంపి, "డబ్బా చేతికొచ్చినాకనే చెప్పు" అని గట్టిగా చెప్పండి. ఓటీపీ చెప్పినామంటే సరుకు అందింది అని సంతకం పెట్టినట్టే లెక్క.

పల్లెల్లో వేరే బాధ. "మీ ఊరికి రాం, మండలం దగ్గరికి రండి" అంటారు. డెలివరీ ఛార్జీ ఇంటి వరకు తీసుకోనుంటే ఇంటికే తేవల్ల, ఆ మాట యాప్ చాట్‌లో రాయండి. పోయి తెచ్చుకోవడమే నయం అనుకుంటే పోండి, అది మీ ఓపిక, కానీ పోయే ముందు పార్సిల్ ఆ హబ్బులోనే ఉందని ఖాయం చేసుకోండి. కొన్ని ఆర్డర్లు పోస్టులో వస్తాయి, దాని ట్రాకింగ్ నెంబర్ రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ అని ఉంటాది, అట్లాంటిది కనపడితే కొరియర్ ఆఫీసుల చుట్టూ తిరగకుండా మీ ఊరి పోస్టాఫీసులో అడగండి. పోస్టు టోల్‌ఫ్రీ 1800 266 6868.

ఇప్పుడు అసలు విషయం, రాకుండానే వచ్చినామని రిమార్కు వేసినప్పుడు. ఆ మెసేజ్ వచ్చిన నిమిషంలోనే ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ తీయండి, టైముతో సహా. మీ ఫోన్ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీయండి, ఆ రోజు ఏ కాలూ రాలేదని కనపడేట్టు. ఇంటి ముందర సీసీ కెమెరా ఉంటే ఆ టైము ముక్క దాచిపెట్టండి. తర్వాత చాట్ తెరిచి ఇట్లా టైపు చేయండి, కావాలంటే కాపీ కొట్టుకోండి:

"ఈ రోజు పొద్దున్నుంచి ఇంట్లోనే ఉన్నాం. ఎవరూ రాలేదు, ఫోన్ రాలేదు, కాల్ లిస్టు జత చేసినాను. మీ వాళ్లు ఏ నెంబర్ నుంచి ఎన్ని గంటలకి చేసినారో చెప్పండి. తప్పు రిమార్కు తీసేసి ఏ తారీఖులోగా ఇస్తారో రాసి చెప్పండి, కుదరకపోతే రీఫండ్ చేయండి. ఈ ఫిర్యాదు నెంబర్ ఇవ్వండి."

అంతే, ఇంగ ఒక్క మాట ఎక్కువొద్దు. మొదట బాట్, అంటే దానంతటదే జవాబిచ్చే మెషీన్ వస్తాది, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటాది, మనిషితో మాట్లాడల్ల అని కొడుతూ ఉంటే కాసేపటికి మనిషి వస్తాడు, ఆయన కూడా చింతిస్తాడు, 24 నుంచి 48 గంటలు ఆగమంటాడు. ఆగండి, కానీ "ఫలానా తారీఖు ఫలానా టైము దాకా ఆగుతాను" అని మీరే చాట్‌లో రాసి పెట్టండి, అది దాటినాక కొత్త ఫిర్యాదు పెట్టకుండా పాత నెంబర్ మీదనే అడగండి. కొత్తది పెట్టిన ప్రతిసారీ వాళ్ల గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలయితాది, నాకయితే ఇదే వాళ్లకి బాగా కలిసొచ్చే ఏర్పాటు అనిపిస్తాది. ఫోన్లోనే మాట్లాడల్సి వస్తే పెట్టేసినాక "ఇప్పుడు మీరు చెప్పింది ఇది" అని ఒక మెయిల్ కొట్టండి. తిట్టొద్దండి, తిడితే ఆ సాకుతోనే చాట్ మూసేస్తారు.

పార్సిల్ వచ్చింది సరే, డబ్బా చూస్తే నలిగిపోయి ఉంది, టేపు రెండుసార్లు వేసినట్టుంది. కొన్ని లేబుళ్ల మీద బరువు రాసి ఉంటాది, ఇది చాలామంది చూడరు. విప్పకముందే సందు చివర అంగడిలో కాటా మీద పెట్టి చూడండి, లేబుల్ మీద రెండు కిలోలని ఉండి కాటాలో అరకిలో కూడా లేకపోతే లోపల ఏముందో చెప్పేదానికి విప్పే పని కూడా లేదు, ఆ కాటా అంకె, లేబుల్ రెండూ ఒకే ఫోటోలో పడేట్టు తీసుకోండి. విప్పేటప్పుడు వీడియో ఎట్లా తీయల్ల అంటే, ఒక మనిషి విప్పల్ల ఒక మనిషి తీయల్ల, ముందు లేబుల్ దగ్గరగా అక్షరాలు చదవగలిగేంత, తర్వాత డబ్బా ఆరు పక్కలా, టేపు తెగి ఉందా లేదా, ఆ తర్వాత కత్తెర పెట్టండి. మధ్యలో ఆపొద్దు, కట్ అయిన వీడియోని ఒప్పుకోరు. మిక్సీ, ఫోన్ లాంటివయితే వస్తువు మీద ఉండే సీరియల్ నెంబర్ కూడా వీడియోలో పడల్ల. ఖరీదయిన వాటికి విప్పి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే పెట్టుకోండి, చూసి బాగుంటేనే ఓటీపీ.

రిటర్న్ ఇచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. పికప్‌కి వచ్చినాయన చేతికి సరుకు ఇచ్చి లోపలికి పోవద్దండి, యాప్‌లో "పికప్ అయింది" అని పడేదాకా ఆయన్ని నిలబెట్టండి, ఎండాకాలమయితే ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి నిలబెట్టండి, మే నెలలో ఆ బండి మీద తిరిగేవాళ్ల బాధ తిరిగేవాళ్లకే తెలుస్తాది. రీఫండ్ పంపినాం అంటారు, బ్యాంకులో పడదు. అప్పుడు యూపీఐ అయితే యూటీఆర్ నెంబర్, కార్డయితే ఏఆర్ఎన్ నెంబర్ ఇవ్వమని అడగండి, డబ్బు పంపినప్పుడు దానికి పడే గుర్తు నెంబర్లు అవి, ఆ నెంబర్ పెట్టి బ్యాంకులో అడిగితే డబ్బు యాడ ఆగిందో తెలిసిపోతాది. నెంబర్ ఇవ్వకుండా నీళ్లు నములుతున్నారంటే పంపలేదనే అనుకోండి.

ఈ చిరాకులో ఉన్నప్పుడే దొంగలు తగులుకుంటారు, ఇది మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి. కస్టమర్ కేర్ నెంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు, దొంగ నెంబర్లు బోలెడు ఉంటాయి, యాప్ లోపల హెల్ప్‌లో ఉండేదొక్కటే వాడండి. రీఫండ్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టమన్నాడా, కొట్టకుండా ఫోన్ పెట్టేయండి, డబ్బు పంపేదానికే పిన్ కావల్ల, తీసుకునేదానికి అక్కర్లేదు. "మీ అడ్రసు సరిగా లేదు, పార్సిల్ గోడౌన్‌లో ఆగిపోయింది, ఈ లింకులో సరిచేయండి" అని పోస్టు పేరుతో వచ్చే మెసేజ్‌లు కూడా అట్లాంటివే. కొరియర్ నుంచి అని చెప్పి నక్షత్రం గుర్తుతో 401 లేదా 21 కొట్టి ఒక నెంబర్ డయల్ చేయమంటారు, చేసినామంటే మన కాల్స్ వాళ్లకి మళ్లిపోతాయి, ఓటీపీ చెప్పే కాల్స్ కూడా. పొరపాటున ఎవరన్నా చేసుంటే ##002# కొడితే ఫార్వర్డింగ్ అంతా తీసేస్తాది. డబ్బు పోయిందంటే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపేదానికి అంత వీలు. మనం ఆర్డరే పెట్టని క్యాష్ ఆన్ డెలివరీ డబ్బా వస్తే "మా వాళ్లెవరో పెట్టుంటారులే" అని డబ్బు కట్టొద్దండి, ఇంట్లో అందర్నీ అడిగినాకనే.

యాప్ వాళ్లు ఎంతకీ కదలకపోతే చట్టం మన వైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి యాప్‌కీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండల్ల, పేరూ కాంటాక్టూ వెబ్‌సైట్‌లో పెట్టల్ల, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పల్ల, నెలలోపు తేల్చల్ల. ఆ పేరు పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాది, ఓపిగ్గా వెతకండి. సరుకు పాడయినా, చూపించింది ఒకటి పంపింది ఒకటి అయినా, చెప్పిన టైముకి రాకపోయినా వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం అని అమ్మేవాడు అనడానికి లేదు. "మా పాలసీలో లేదు" అని చాట్‌లో ఎవరన్నా అంటే ఈ నిబంధన పేరు రాసి చూడండి, మాట తీరు మారుతాది.

అప్పుడూ కాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. వాళ్లకి మీ ఆర్డర్ నెంబర్, ఫిర్యాదు నెంబర్, స్క్రీన్‌షాట్లు ఇస్తే కంపెనీకి పంపుతారు. చిన్న మొత్తాలకి ముందు ఇదే చేసి చూడండి, చాట్‌లో చింతించినోళ్లే ఫోన్ చేసి మాట్లాడతారు.

పెద్ద మొత్తమయితే జిల్లా వినియోగదారుల కమిషన్, అనంతపురం కర్నూలు కడప మూడు చోట్లా ఉంది. కంపెనీ ఆఫీసు బెంగుళూర్లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన వీలు అది. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో నుంచే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయల్ల. వేసే ముందు కంపెనీకి ఒక నోటీసు స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. బిల్లు, చాట్లు, కాల్ లిస్టు, వీడియో అన్నీ తారీఖు వరసలో పెట్టండి. కోపంతో ఆ యాప్ తీసేయాలని ఉంటాది, తీసేసుకోండి, కానీ కేసు తేలినాక, ఆ చాట్లన్నీ అందులోనే ఉంటాయి.