శుభలేఖ ప్రింట్‌కి ఇచ్చే ముందు, పంచే ముందు ఇవి చూసుకోండి

ముహూర్తాలు మొదలయ్యాయంటే హాలు, కేటరింగ్, బట్టలు అన్నీ పది సార్లు చూసుకుంటాం గానీ శుభలేఖ మాత్రం ఎవరో ఒకరి మీద వదిలేస్తాం, దెబ్బ తినేది అక్కడే.

ముందు అర్ధరాత్రి ముహూర్తాల సంగతి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఫోన్ క్యాలెండర్‌లోనేమో రాత్రి 12కే తేదీ మారిపోతుంది. అందుకే పంతులుగారు లగ్నపత్రికలో "గురువారం రాత్రి 2:14, తెల్లవారితే శుక్రవారం" అని రాస్తారు. మా చెల్లి పెళ్లికి డీటీపీ చేసినాయన ఆ "తెల్లవారితే" ఎగరగొట్టేసి ఉత్త "శుక్రవారం రాత్రి 2:14" అని కొట్టాడు, మేమూ చూసుకోలేదు. మా అమ్మమ్మ చెల్లెలు, మాకు చిన్నమ్మమ్మ, శుక్రవారం సాయంత్రం బస్సు దిగి హాలుకి వచ్చేసరికి మండపం విప్పేస్తున్నారు. చెల్లికి పెట్టాలని తెచ్చిన చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. కాబట్టి తెల్లవారితే అన్న మాట ఉంచండి, దాని కింద ఇంకో లైను కూడా వేయించండి: "గురువారం రాత్రి భోజనాలకి రండి, పెళ్లి అర్ధరాత్రి దాటాక" అని. అమెరికాలో ఉన్నవాళ్లు లైవ్ చూస్తామంటే వాళ్ల ఊరి టైమ్, తేదీ విడిగా మెసేజ్ పెట్టండి.

తర్వాత పేర్లు. ప్రింటింగ్ షాపుల్లో చాలా చోట్ల ఇంకా అను ఫాంట్స్ అనే పాత రకం తెలుగు ఫాంట్లలోనే కొడతారు, మనం వాట్సాప్‌లో పంపిన మేటర్ అందులో నేరుగా పడదు, మళ్లీ టైప్ చేస్తారు, ఒత్తులు దీర్ఘాలు పోయేది అప్పుడే. ఇంటిపేర్లు మరీ జాగ్రత్త. అన్నిటికన్నా భయపడాల్సింది "కీ.శే." గురించి. తాతగారు పోయి నానమ్మ ఉన్నప్పుడు ఆ రెండక్షరాలు లైను మారి ఆవిడ పేరు ముందు పడ్డాయనుకోండి, ఆ బాధ తీర్చలేం. ప్రూఫ్ ఫోన్‌లో చూసి ఓకే అనెయ్యకండి, కాగితం మీద తీయించి ఒకరు లగ్నపత్రిక పట్టుకుని ఇంకొకరు గట్టిగా చదవాలి, అవతలి వియ్యాలవారికి కూడా పంపి వాళ్లు సరే అన్నాకే ప్రింట్‌కి ఇవ్వండి.

ఇప్పుడు కొత్త ప్రమాదం ఒకటొచ్చింది. వాట్సాప్‌లో పెళ్లి కార్డు అని ఫైల్ వస్తుంది, చివర్లో డాట్ ఏపీకే అని ఉంటుంది. అది కార్డు కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివి ఓటీపీలు లాగేస్తుంది, మన నంబర్ నుంచే మన వాళ్లందరికీ వెళ్తుంది. తెలిసిన నంబర్ నుంచి వచ్చినా నొక్కొద్దు. పొరపాటున నొక్కేస్తే వెంటనే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. పెళ్లివారు కూడా కార్డుని ఫోటోగానో పీడీఎఫ్‌గానో మాత్రమే పంపండి, ముందు ఫోన్ చేసి "కార్డు పెడుతున్నా బాబాయ్" అని చెప్పి పంపితే ఎవరికీ అనుమానం ఉండదు.

ఇంటి అడ్రస్ ఉన్న కార్డుని ఫేస్‌బుక్‌లో అందరికీ కనపడేలా పెట్టకండి, ఆ రాత్రి ఇల్లు ఖాళీ అని చెప్పినట్టే. పెళ్లి రోజు ఇంట్లో నమ్మకమైన మనిషిని ఉంచండి.

పిలుపుల విషయానికొస్తే, మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాక మేనమామలు, మేనత్తల ఇళ్లకి స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సిందే, వాట్సాప్‌తో సరిపెడితే ఏళ్ల తరబడి మనసులో ఉండిపోతుంది. పుస్తకంలో ఇంటింటికీ పేరు రాసుకుని ఎవరు ఏ రోజు పిలిచారో టిక్ పెట్టుకోండి, లేకపోతే అన్న పిలిచాడని తమ్ముడు, తమ్ముడు పిలిచాడని అన్న ఊరుకుంటారు. పెళ్లికి రెండు రోజుల ముందు ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మాత్రం మళ్లీ ఫోన్ చేసి, ఏ రోజు బయల్దేరుతున్నారో వాళ్ల నోటితోనే చెప్పించుకోండి, ఎవరు తీసుకొస్తారో కూడా అడగండి.