రాళ్ల దారిలో బండి ఆగిపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

పెద్ద రాళ్ల మీదుగా వెళ్లే దారిలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆగిపోగానే చాలామంది యాక్సిలరేటర్‌ను మరింత బలంగా తొక్కుతారు. యాక్సిల్ ఇరుసులు, జాయింట్లు విరిగేది ఎక్కువగా అప్పుడే. కాబట్టి కింది సమస్యల్లో ఏది ఎదురైనా మొదట యాక్సిలరేటర్ మీది కాలు తీయాలి. హ్యాండ్ బ్రేకు గట్టిగా పట్టిందని నిర్ధారించుకున్నాక, వాలుకు ఎగువ వైపు నుంచి దిగి, ఏ చక్రం నేలకు ఆనింది, ఏది గాలిలో ఉంది, అడుగు భాగం ఎక్కడ తగులుతోంది అన్నవి కళ్లారా చూసుకోవాలి.

ఒక చక్రం గాలిలో తిరుగుతోంది, బండి కదలడం లేదు

ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక డిఫరెన్షియల్, ఆ రెండింటినీ కలిపి ఒకే వేగంతో తిప్పే పరికరం లాకర్. లాకర్ లేని సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, అందిస్తుంది. గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి దాదాపు బలమే అక్కర్లేదు గనుక, రాతిని పట్టుకుని ఉన్న రెండో చక్రానికీ అంతే స్వల్పమైన బలం అందుతుంది. టార్క్ అంతా తేలిన చక్రానికే పోతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది గానీ అది సరికాదు, నిజానికి ఆ సమయంలో రెండింటికీ అందేది చాలా తక్కువ.

ఒక కాలితో యాక్సిలరేటర్, మరో కాలితో బ్రేకు కొద్దిగా నొక్కితే బండి కదులుతుందనే సలహాను కూడా ఇక్కడే పరీక్షించాలి. బ్రేకు పెడల్ రెండు చక్రాలనూ ఒకేలా పట్టుకుంటుంది కాబట్టి, సాధారణ డిఫరెన్షియల్‌లో పెరిగిన టార్క్ దాదాపు అంతా ఆ బ్రేకుకే ఖర్చవుతుంది. గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ బలం పంపగలిగేది) ఉన్న బండిలో మాత్రం ఈ పద్ధతి నిజంగా ఫలితమిస్తుంది. ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ తిరిగిపోతున్న చక్రాన్ని ఒక్కదాన్నే బ్రేకుతో పట్టుకుంటుంది గనుక, అది ఉన్న బండిలో యాక్సిలరేటర్‌ను ఒకే స్థాయిలో కొద్ది క్షణాలు నిలకడగా ఉంచాలి. చక్రం తిరగడం చూసి కంగారుగా కాలు తీసేస్తే ఆ వ్యవస్థకు పని చేసే వ్యవధి దొరకదు.

లాకర్ ఉంటే దాన్ని రాతి మెట్టు ఎక్కడానికి ముందే వేసుకోవాలి. చక్రం వేగంగా తిరుగుతుండగా వేయకూడదు. లాకర్ లేనప్పుడు నేను ఎక్కువగా నమ్మేది రెండు పనులను: బండిని వెనక్కి తీసి, చక్రం తేలిపోకుండా ఉండేలా జానెడు పక్కకు జరిపి మళ్లీ ఎక్కించడం, లేదా తేలిన చక్రం కింది గుంటను కదలని రాళ్లతో పూడ్చడం. వీలున్న బండిలో ముందు స్వే బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు పక్కల చక్రాలను కలిపే కడ్డీని) విడదీస్తే చక్రాలు మరింత కిందికి దిగి నేలను అందుకుంటాయి.

చక్రాలన్నీ నేల మీదే ఉన్నాయి, అయినా జారుతున్నాయి, ఎగిరెగిరి పడుతున్నాయి

టైర్లలో రోడ్డు మీద ఉంచే 30 నుంచి 35 పీఎస్‌ఐ గాలి అలాగే ఉంటే, టైరు రాతి ఆకారానికి ఒదగదు. సాధారణ రిమ్ములున్న బండిలో 15 నుంచి 18 దాకా తగ్గిస్తే పట్టు స్పష్టంగా పెరుగుతుంది. టైరు అంచును బిగించి పట్టుకునే బీడ్‌లాక్ రిమ్ములు లేకుండా అంతకంటే దిగడం నేను సూచించను, ఎందుకంటే పక్క నుంచి రాయి ఒత్తినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడిపోవచ్చు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడం తప్పనిసరి.

రెండో కారణం గేరు. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలాన్నిచ్చే లో రేంజ్), మొదటి గేరు వేసుకోవాలి. మొదటి గేరు నిష్పత్తి 4, లో రేంజ్ 2.5, యాక్సిల్ 4 అనుకుంటే మొత్తం 40 వస్తుంది, అంటే ఇంజిన్ 40 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ సంఖ్య పెరిగేకొద్దీ బండి అంత నెమ్మదిగా, అంత బలంగా పాకుతుంది.

అడుగు భాగం రాతి మీద కూర్చుండిపోయింది

రాయిని రెండు చక్రాల మధ్య నుంచి దాటించాలనుకోవడమే దీనికి సాధారణమైన కారణం. యాక్సిల్ మధ్యలోనో ఒక పక్కకో ఉండే డిఫరెన్షియల్ ఉబ్బు నేలకు అతి దగ్గరగా ఉంటుంది కాబట్టి, పెద్ద రాయి మీదికి టైరునే ఎక్కించి బండిని పైకి లేపుకుంటూ వెళ్లాలి. మీ బండిలో ఆ ఉబ్బు ఏ పక్కన ఉందో ఇంటి దగ్గరే వంగి చూసుకోవడం మంచిది. ఇప్పటికే కూర్చుండిపోయి ఉంటే, ముందుకూ వెనక్కూ ఊపకుండా, చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి ఆధారం మీద జాకీతో లేపి, టైర్ల కింద రాళ్లు పేర్చి దించాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి శరీరంలో ఏ భాగాన్నీ పోనివ్వకూడదు.

స్టీరింగ్ తిరగడం లేదు, ముందు చక్రం వైపు టకటక శబ్దం వస్తోంది

ముందు లాకర్ వేసి ఉంటే స్టీరింగ్ బరువెక్కడం సహజమే, మలుపు దగ్గర దాన్ని తీసేయాలి. లేకపోతే చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుందని అర్థం. బలవంతంగా తిప్పితే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ వంగుతుంది, అందుకే అర అడుగు వెనక్కి తీసి తిప్పాలి. శబ్దం వస్తోందంటే ముందు ఇరుసును చక్రానికి కలిపే జాయింట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఉంచి యాక్సిలరేటర్ తొక్కడం వల్లే అది ఎక్కువగా విరుగుతుంది.

దిగుడులో బండి వెనుక భాగం పక్కకు తిరుగుతోంది

బ్రేకు గట్టిగా నొక్కడం వల్ల చక్రాలు ఆగి జారుతున్నాయి. బ్రేకు వదిలి, ముందు భాగాన్ని సూటిగా దిగువకు తిప్పి, యాక్సిలరేటర్‌ను కొద్దిగా తాకితే చక్రాలు మళ్లీ తిరుగుతూ పట్టు దొరకబుచ్చుకుంటాయి. దిగుతున్నంత సేపూ లో రేంజ్ మొదటి గేరులోనే ఉండాలి, క్లచ్ నొక్కకూడదు. పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపించినా చక్రాలను దిగువ వైపుకే తిప్పాలి. ఒరిగి ఉండగా ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలి, ఆ స్థితిలో పంపుకు ఆయిల్ అందకపోవచ్చు.

ఇంజిన్ వేడెక్కుతోంది

నెమ్మదిగా కదిలే బండిలో రేడియేటర్‌కు గాలి ఫ్యాన్ నుంచే అందాలి. బండి ఆపి, ఏసీ తీసేసి, ఇంజిన్‌ను కాసేపు ఐడిల్‌లో ఉంచి, రేడియేటర్‌కు అడ్డుపడిన మట్టిని చూడండి. వేడిగా ఉండగా మూత తీయవద్దు.

ఏం చేసినా కదలడం లేదు

రాతికి ఇరుక్కున్న బండిని సాగే తాడుతో కుదుపు ఇచ్చి లాగడం ప్రమాదకరం, ఎందుకంటే తెగిన హుక్కు తుపాకి గుండులా దూసుకువస్తుంది. ట్రెయిలర్ తగిలించే బంతికి తాడు కట్టడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఇక్కడ విన్చ్ (డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) సరైనది. దాని సామర్థ్యం బండి మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. పూర్తి బలం డ్రమ్ము మీది మొదటి చుట్ల వరుసలోనే దొరుకుతుంది కాబట్టి, వీలైనంత తాడు బయటికి తీయాలి గానీ, తయారీదారు చెప్పినన్ని చుట్లు డ్రమ్ము మీదే మిగలాలి. ఆధారానికి కప్పీ కట్టి తాడును తిరిగి బండికే మళ్లిస్తే లాగే బలం దాదాపు రెట్టింపై, వేగం సగమవుతుంది. చేతికి తొడుగులు వేసుకుని, తాడు మీద బరువైన గుడ్డ కప్పి, సైగలు చేసే ఒక్కరు తప్ప మిగిలినవారంతా తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి. ఆగమనే సైగ మాత్రం ఎవరు చేసినా వెంటనే ఆపాలి.