పండుగ అప్పాలు – మూడో పాఠం: సకినాలు

పోయిన పాఠంలో బియ్యప్పిండి గారెలు చేశాం. పొడి పిండి, మరిగిన నీళ్ళు, రెండు గరిటెల వేడి నూనె. పిండి కాస్త గట్టిగా కలిసినా, కాస్త జారినా గారె ఎలాగో గట్టెక్కింది. సకినం అంటే తడి బియ్యప్పిండిని వేళ్ళతో సన్న తాడులా దించి, చుట్లు చుట్లుగా పోసి, నూనెలో వేయించే అప్పం. అది అలా సర్దుకుపోదు. పిండిలో తడి ఒక్క చెంచా తగ్గితే తాడు తెగుతుంది, ఒక్క చెంచా ఎక్కువైతే చుట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే చాలామంది కొత్తవాళ్ళు మాకు వేళ్ళు తిరగట్లేదని వదిలేస్తారు. నేను చూసినంతవరకు పదిమందిలో తొమ్మిదిమందికి తప్పు వేళ్ళలో ఉండదు, పిండిలో ఉంటుంది. ఈ పాఠంలో సగం నీళ్ళ గురించే చెప్పడానికి కారణం అదే.

కిలో బియ్యానికి లెక్క ఇది: నువ్వులు 150 గ్రాములు, వాము రెండు పెద్ద చెంచాలు, ఉప్పు ఒక పెద్ద చెంచాకు కొంచెం పైన. వేయించడానికి లీటరు నూనె. ఇంకేమీ వద్దు. సకినంలో నువ్వుల కమ్మదనం, వాము ఘాటు తెలిస్తే చాలు. కొందరు నువ్వులు పావుకిలో దాకా పోస్తారు. రుచికి బాగానే ఉంటుంది కానీ గింజ ఎక్కువైన కొద్దీ తాడు తెగడం కూడా ఎక్కువవుతుంది. చేయి తిరిగేదాకా 150 దాటొద్దు.

బియ్యం, గిర్ని

పచ్చి బియ్యమే కావాలి. ఉప్పుడు బియ్యం పనికిరావు. వానాకాలం పంట కోతలు నవంబర్, డిసెంబర్‌లో అవుతాయి కాబట్టి సంక్రాంతి నాటికి సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మిల్లుల నుంచి కొత్త బియ్యం దొరుకుతాయి. వాటి పిండికి జిగట ఎక్కువ, నీళ్ళు తక్కువ పడతాయి. ఇంట్లో పాత బియ్యమే ఉంటే అవీ సరే, నీళ్ళు ఇంకాస్త తాగుతాయి. అందుకే ఇన్ని గ్లాసులు పోయండి అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

రాత్రి పడుకునే ముందు బియ్యం రెండు మూడుసార్లు కడిగి నానబెట్టండి. పొద్దున జల్లిగంపలో (నీళ్ళు కారిపోయే చిల్లుల గంపలో) వంపి అరగంట వదిలేయండి. నీళ్ళు కారడం ఆగాలి, బియ్యం మాత్రం ఆరకూడదు. చేతిలోకి తీసుకుంటే అరచేయి చల్లగా తడవాలి. కిలో బియ్యం నాని వడిసేసరికి కిలోంబావు దాకా తూగుతాయి. ఆ పావుకిలో నీళ్ళు గింజ లోపలికి పోయాయన్నమాట. గింజ మెత్తబడి ఉంటుంది కాబట్టి పిండి పొడి బియ్యం కంటే చాలా మెత్తగా పడుతుంది. సకినాల తాడు నిలబడేది ఆ మెత్తదనంతోనే.

గిర్నికి, అంటే పిండి మరకు, ఎప్పుడు పోవాలన్నది కూడా పనిలో భాగమే. పండుగ వారంలో చాలా గిర్నుల్లో తడి బియ్యానికి వేరే సమయం పెడతారు, ముందురోజే అడిగి పెట్టుకోండి. మీకంటే ముందు కారం పట్టించినవాళ్ళు ఉంటే ఆగండి. జొన్నలు, గోధుమలు ఆడిన వెంటనే కూడా వద్దు. ఇంకొకరి తడి బియ్యం తర్వాత మీ వంతు వచ్చేలా చూసుకుంటే అన్నిటికంటే మంచిది. ఇంటికి తెచ్చాక సన్న జల్లెడతో జల్లించండి. పైన మిగిలిన రవ్వను కలపొద్దు, ఉప్మాకు వాడుకోండి. రవ్వ ఉన్నచోటే తాడు తెగుతుంది. నూనెలో పేలడానికీ అదే కారణమయ్యే అవకాశం ఉంది. జల్లించిన పిండిని గంజులో (లోతైన గిన్నెలో) అదిమి, పైన తడిగుడ్డ కప్పి, మూత పెట్టండి. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పులుస్తుంది.

పిండి తడపడం

నువ్వులు ముందే కడిగి, ఇసుక లేకుండా గాలించి, వడకట్టి పెట్టుకోండి. ఈ ఒక్క పనిలో తొందర వద్దు. ఒక్క ఇసుక రేణువు పంటికింద పడితే అంత శ్రమా వృథా అయినట్టే. వాము అరచేతుల మధ్య నలిపి వేయండి. నువ్వులు, వాము, ఉప్పు పిండిలో పొడిగా కలిపేశాక ఒక గుప్పెడు పిండి తీసి పక్కన పెట్టండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

ఇప్పుడు నీళ్ళు. బియ్యప్పిండిలో గోధుమపిండిలా సాగే జిగురు ఉండదు. చపాతీ పిండిని ఎంత పిసికితే అంత సాగుతుంది, బియ్యప్పిండి అలా కాదు. సకినం తాడును పట్టి ఉంచేది పిండి రేణువుల మధ్య ఉన్న తడి ఒక్కటే. కాబట్టి మొత్తం పిండిని ఒకేసారి తడపొద్దు. నాలుగో వంతు మాత్రం పళ్ళెంలోకి తీసుకుని, చల్లటి నీళ్ళు చేత్తో చిలకరిస్తూ కలపండి. నువ్వులు కూడా నెమ్మదిగా నీళ్ళు పీలుస్తాయి కాబట్టి కలపగానే సరిగ్గా ఉన్న పిండి పది నిమిషాలకు బిగుసుకుంటుంది. కొంచెం కొంచెంగా తడుపుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఎంతవరకు? చపాతీ పిండి కంటే మెత్తగా, గారెల పిండి కంటే కూడా మెత్తగా ఉండాలి. అయినా పళ్ళెంలో పెడితే ముద్ద ముద్దగానే నిలవాలి, చుట్టూ పరుచుకోకూడదు. చూపుతో దీన్ని తేల్చలేం. నిమ్మకాయంత ముద్ద తీసుకుని బొటనవేలు, చూపుడు వేలు మధ్య నలుపుతూ తాడు లాగండి. జానెడు పొడవు తెగకుండా వచ్చి, దాని మీద మెలికల గీతలు స్పష్టంగా కనిపిస్తే పిండి సిద్ధం. తాడు మీద చిన్న చిన్న పగుళ్ళు కనిపిస్తే తడి చాలలేదు, చేయి తడి చేసుకుని మళ్ళీ పిసకండి. గీతలు నిలవకుండా నున్నగా అయిపోయి వేళ్ళకు అంటుకుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. పక్కన పెట్టిన గుప్పెడు పిండి అందుకే, అందులోంచి కొంచెం కొంచెం కలపండి. నీళ్ళు ఎక్కువైన పిండితో ఎలాగోలా చుట్టేసినా నూనె బాగా పీల్చేస్తుంది, నాలుగు రోజులకే మెత్తబడుతుంది.

ఇంటి దగ్గర సకినాలు తెలిసిన పెద్దావిడ ఎవరైనా ఉంటే మొహమాటపడకుండా పిలవండి. "పెద్దమ్మా, ఈ పిండి ఒక్కసారి చూసిపో" అంటే రాని మనిషి మా నల్లగొండ వైపు ఉండదు. ఆమె వేలితో నొక్కి "ఇంకిన్ని నీళ్ళు అడుగుతుంది బిడ్డా" అంటుంది. ఆమె ముట్టుకున్న వెంటనే మీరు కూడా ముట్టుకుని చూడండి, నీళ్ళు కలిపాక మళ్ళీ ముట్టుకోండి. ఆ రెండు స్పర్శల మధ్య తేడా రాతలో దొరకదు. ఈ పాఠం ఎంత వివరంగా రాసినా ఆమె చేతికి సాటి రాదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

చుట్టడం

చాప మీద శుభ్రమైన పాత నూలు బట్ట పరవండి. ఉతికిన ధోవతి, నూలు చీర అయితే మంచిది, తడి పీలుస్తుంది. పాలిస్టర్ బట్ట పీల్చదు. చాలా ఇళ్ళలో మొదట పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే సకినాలు పోసుడు మొదలుపెడతారు. మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా చేయండి.

ముద్దను అరచేతిలో పెట్టి చివరి రెండు వేళ్ళతో పట్టుకోండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు ఖాళీగా ఉండాలి. ముద్ద అంచు నుంచి కొంచెం పిండిని ఈ మూడు వేళ్ళ మధ్యకు తెచ్చి, బొటనవేలిని ముందుకు దొర్లించండి. పిండి మెలితిరిగి సన్న తాడులా కిందికి దిగుతుంది. వేళ్ళు ఒక్కసారి దొర్లితే ఒక మెలిక. దొర్లించడం, దించడం, చేయి జరపడం, ఈ మూడూ ఒకే ఊపులో సాగాలి. కొత్తవాళ్ళు పిండిని కిందికి లాగుతారు, అందుకే తెగుతుంది. లాగొద్దు, దొర్లించండి, అది తనంతట తానే దిగుతుంది.

మొదటి చుట్టు లోపల రూపాయి బిళ్ళంత ఖాళీ ఉంచి గుండ్రంగా మొదలుపెట్టండి. తాడు పెన్సిల్ కంటే సన్నగా ఉండాలి. రెండో చుట్టు మొదటిదాన్ని ఆనుకుని రావాలి, దాని మీదికి ఎక్కకూడదు. మధ్యలో సందు వస్తే వేయించాక చుట్లు విడిపోతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ పచ్చిగా ఉండిపోతుంది. పిండి అయిపోతే కొత్త ముద్ద తీసుకుని, తెగిన చివర మీద తడి వేలితో మెల్లగా అదిమి అక్కడి నుంచి సాగించండి. చివరి కొసను పక్క చుట్టుకు అతికించండి.

మొదటిసారి రెండు చుట్లతో ఆపండి. చేతికి ఊపు వచ్చాక మూడు, నాలుగు. ఐదు చుట్ల సకినాలు చూడటానికి ఎంత అందంగా ఉన్నా బట్ట మీద నుంచి తీయడం కష్టం, వాటికి తొందరపడొద్దు. ఎడమచేతి వాటం వాళ్ళకు చుట్టు తిరిగే దిశ మారుతుంది, మిగతాదంతా ఒకటే. అతుకులు పడ్డ సకినం కూడా రుచిలో ఏమీ తక్కువ కాదు, దాన్ని వేయించి ముందు పిల్లలకు పెట్టేయండి.

ఒంటరిగా కిలో పిండి చుట్టడానికి కూర్చుంటే నడుము పట్టేస్తుంది. మన ఊళ్ళలో ఈ పని ఎప్పుడూ ఒక్కరు చేసింది కాదు. ఇవ్వాళ మా ఇంట్లో, రేపు వదిన వాళ్ళింట్లో, ఎల్లుండి ఎదురింట్లో. అపార్ట్‌మెంట్‌లో ఉన్నా సరే, ఇద్దరు ముగ్గురిని కూడగట్టుకోండి. చుట్టేవాళ్ళు చుడుతూ ఉంటే ఒకరు పిండి తడుపుతూ, ఇంకొకరు పొయ్యి దగ్గర ఉండాలి. పిండి తడిపే మనిషి ఆ రోజంతా మారకుండా ఉంటే మంచిది. చేయి మారితే తడి మారుతుంది.

ఆరడం, కాలడం

సకినాలు నీడలోనే ఆరాలి. చలికాలంలో ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. ఫ్యాను కింద పెడితే పైన ఎండి పగుళ్ళొస్తాయి. సన్నటి పళ్ళెం అంచును సకినం కిందికి తోస్తే బట్టకు అంటుకోకుండా లేవాలి, లేచాక వంగిపోకూడదు. అప్పుడే వేయించాలి. ఎక్కువసేపు వదిలేస్తే తీస్తుంటేనే విరుగుతాయి, కాబట్టి మొదట చుట్టినవి మొదట నూనెలోకి పోవాలి.

నూనె విషయంలో నా ఓటు పల్లి నూనెకే. పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, అచ్చంపేటల్లో యాసంగిలో (రబీలో) పల్లి బాగా పండుతుంది. ఆ నూనెలో కాలిన సకినానికి నువ్వుల వాసన అణగదు. గానుగ నూనె అయితే పొంగే అవకాశం ఉంది, మూకుడు సగానికి మించి నింపొద్దు. చిటికెడు పిండి వేస్తే అడుగుకు పోయి ఒక్క క్షణం ఆగి పైకి తేలాలి, అదే సరైన వేడి. వేసిన వెంటనే పైకి ఎగిరితే మంట తగ్గించండి.

నాలుగైదు వేసి, పైకి తేలి గట్టిపడేదాకా గంటె పెట్టొద్దు. ఒక్కసారి తిప్పండి. ఇక చెవి పెట్టి వినండి. మొదట గట్టిగా చిటపటలాడుతుంది, తడి పోయిన కొద్దీ చప్పుడు తగ్గుతుంది, బుడగలు సన్నబడతాయి. దాదాపు ఆగిపోతుండగా తీసేయండి. రంగు కోసం చూడొద్దు. సకినం ఎర్రబడితే ఎక్కువ కాలినట్టు, లేత మీగడ రంగులోనే ఉండాలి. బయట ఎర్రగా, లోపల మెత్తగా ఉందంటే మంట ఎక్కువైంది. తీసినవి జల్లిగంపలోనో శుభ్రమైన బట్ట మీదనో నిలువుగా ఆనించండి. న్యూస్‌పేపర్ మీద వద్దు. ఆ అచ్చు సిరా ఆహారానికి మంచిది కాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెప్పింది. పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టండి. తడిచేయి తగలకుంటే నెల దాకా కరకరలాడతాయి.

చివర మిగిలిన పిండిని కాస్త లావుగా చుట్టి, సగం కాలగానే తీసి, వెల్లుల్లి కారంతో వేడివేడిగా తినండి. పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్ళకు అంతకంటే మంచి తిండి లేదు.

ఈ వారం అభ్యాసం

కిలోతో మొదలుపెట్టొద్దు. పావుకిలో బియ్యం చాలు. అంత తక్కువ గిర్నిలో పట్టరు కాబట్టి మిక్సీలో రెండు విడతలుగా ఆడి జల్లించండి. నువ్వులు, వాము కలపకముందే గుప్పెడు పిండి తడిపి, స్టీలు పళ్ళెం మీద తాడు దించడం ఒక్కటే సాధన చేయండి. తెగితే కలిపేసి మళ్ళీ మొదలుపెట్టండి, ఏదీ వృథా కాదు. జానెడు తాడు మూడుసార్లు వరుసగా తెగకుండా వచ్చాక నువ్వులు కలిపి రెండు చుట్ల సకినాలు వేయండి. కావాలనే ఒక ముద్ద గట్టిగా, ఒక ముద్ద జారుగా తడిపి వాటితో కూడా చుట్టి చూడండి. అది ఎందుకు తెగిందో, ఇది ఎందుకు కలిసిపోయిందో వేళ్ళకు తెలియాలి.

నాలుగో పాఠం అరిసెలు. దానికి కొత్త బియ్యమే కావాలి, ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. అందుకని శనివారం పొద్దున్నే కిలో బియ్యం నానబోసి, ముప్పావుకిలో మంచి బెల్లం తెచ్చి పెట్టుకోండి. ఆదివారం పాకం పడదాం.