పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండితే ముందు ఏం చేయాలి?

సీపీయూకి, మెమరీకి, స్లో క్వెరీలకి గ్రాఫులుంటాయి. డిస్క్‌కి మాత్రం "80 శాతం దాటితే మెయిల్" అని ఒక అలర్ట్ పెట్టి వదిలేస్తారు. 4 టీబీ డిస్క్‌లో మిగిలిన 20 శాతమంటే 800 జీబీ. 50 జీబీ డిస్క్‌లో అదే 10 జీబీ. శాతాన్ని నమ్మకండి. ఇదే వేగంతో పోతే ఎన్ని గంటల్లో నిండుతుందో లెక్కగట్టి అలర్ట్ పెట్టండి.

నిండినప్పుడు ముందు డీఎఫ్ (డిస్క్ మొత్తంలో ఎంత వాడకంలో ఉందో చెప్పే కమాండ్), తర్వాత డీయూ (ఫోల్డర్లలో కనిపించే ఫైళ్ల సైజు కూడే కమాండ్) కొట్టండి. రెండు లెక్కలూ కలవకపోతే ఎవరో లాగ్ ఫైలు డిలీట్ చేసి ఉంటారు, దాన్ని తెరిచిన ప్రాసెస్ ఇంకా వదల్లేదు. ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచి ఉంచిందో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో పట్టుకోండి.

పీజీ_వాల్ ఫోల్డర్ ఉబ్బి ఉందా? డేటాలో చేసే మార్పుల్ని పోస్ట్‌గ్రెస్ ముందుగా రాసిపెట్టుకునే చోటది, ఆ రాతనే వాల్ అంటారు. కొంపలు మునిగేది ఇక్కడే. లోపల ఒక్కోటి 16 ఎంబీ ఉండే ఫైళ్లు వేలల్లో కనిపిస్తాయి. చేత్తో ఒక్కటి కూడా తీసేయకండి. ఒకప్పుడు ఈ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ ఉంది కదా అని జనం ఊడ్చేసేవాళ్లు. అందుకే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో పేరే మార్చారు. అయినా ఊడ్చేవాళ్లు ఊడుస్తూనే ఉన్నారు! క్రాష్ రికవరీకి కావాల్సిన ఫైలు పోతే సర్వర్ లేవదు. వాల్‌ని చెరిపేసి కొత్తగా మొదలెట్టే పీజీ_రీసెట్‌వాల్‌తో లేపినా డేటా సరిగ్గా ఉందన్న భరోసా ఉండదు.

ఫైళ్లు ఎందుకు పోగుపడుతున్నాయో వెతకండి. పీజీ_స్టాట్_ఆర్కైవర్ వ్యూలో ఫెయిల్డ్ కౌంట్ పెరుగుతుంటే, వాల్ ఫైళ్లని వేరే స్టోరేజ్‌కి కాపీ చేసే ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతోంది, కాపీ అయ్యేదాకా అవి ఇక్కడే ఉంటాయి. అవతలి స్టోరేజ్ నిండిందో, పర్మిషన్ పోయిందో చూసి సరిచేయండి. అది బాగానే ఉంటే పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ వ్యూ చూడండి. ప్రైమరీ (అసలు సర్వర్)కి నకలుగా నడిచే సర్వర్ స్టాండ్‌బై, అది వాల్‌ని ఎంతవరకు అందుకుందో గుర్తుపెట్టేది స్లాట్. ఎప్పుడో తీసేసిన స్టాండ్‌బై స్లాట్ ఇన్‌యాక్టివ్‌గా పడి ఉంటే, దానికోసం సర్వర్ వాల్‌ని దాచిపెడుతూనే ఉంటుంది. ఆ స్టాండ్‌బై ఇక రాదని రూఢి చేసుకున్నాకే స్లాట్ డ్రాప్ చేయండి. తిరిగొచ్చేదైతే దాన్ని మొదటి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు.

డ్రాప్ చేసిన మరుక్షణం జాగా రాదు. చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పుల్ని డేటా ఫైళ్లలోకి దించడం) జరిగినప్పుడే పాత ఫైళ్లు పోతాయి. ఓపిక లేక, ఫైళ్లు తీసేసే ఆర్‌ఎమ్ కమాండ్ కొట్టేది సరిగ్గా ఈ నిమిషంలోనే. చెక్‌పాయింట్ కమాండ్ మీరే ఇచ్చి ఆగండి.

13వ వెర్షన్ నుంచి, స్లాట్ల కోసం దాచే వాల్‌కి హద్దు పెట్టే మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ సెట్టింగ్ ఉంది. డిఫాల్ట్ మైనస్ 1, అంటే హద్దే లేదు. డిస్క్‌లో పావు వంతు దాటకుండా పెట్టండి. వెనకబడిన స్టాండ్‌బై పోతే పోనీ, ప్రైమరీ బతకాలి.

జాగా కోసం, టేబుల్‌లోని ఖాళీల్ని తీసేసే వాక్యూమ్ ఫుల్ కమాండ్ మాత్రం వద్దు. టేబుల్‌ని లాక్ చేసి కొత్త కాపీ రాస్తుంది, దానికే జాగా కావాలి.

పీజీ_వాల్ ఉన్న డిస్క్ మీదే 2 జీబీ డమ్మీ ఫైలు ఒకటి ముందే ఉంచండి. సర్వర్ పానిక్ అయి ఆగిపోతే దాన్ని తీసేసి స్టార్ట్ చేయొచ్చు. నిజంగా జాగా పట్టి ఉంచే ఎఫ్‌అలొకేట్ కమాండ్‌తో చేయండి. ట్రంకేట్‌తో చేస్తే పేరుకే 2 జీబీ, తీసినా ఒక్క బైటు రాదు.