బ్యాంకు లోన్‌తో ఇల్లు, నాలుగో పాఠం: ఈసీ చదవడం

పోయిన వారం లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారినప్పటి దస్తావేజులు, పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా పేర్చుకున్నాం. ఆ దొంతర పక్కనే ఉంచుకోండి, ఇవాళ మాటిమాటికీ తిరగేయాల్సి వస్తుంది. ఇవాళ్టి పని ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ చదవడం. ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు వరసగా చూపించే కాగితం అది.

దానికంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి. విశాఖలో ఏ మూల ఫ్లాటు చూడ్డానికి వెళ్లినా బ్రోకరు నోట వచ్చే మొదటి మాట, "బ్యాంకు లోన్ ఇస్తోందండీ, ఇంక కాగితాలకేం ఢోకా?" అనే. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు గురించి. 60 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇవ్వగలిగింది 80 శాతం, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు, పైన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మీ జేబులోవి. రేపు ఫ్లాటు తగాదాలో పడితే ముందు మునిగేది ఆ 12 లక్షలే. పైగా 48 లక్షల మీద ఈఎంఐ ఒక్క నెల కూడా ఆగదు. అందుకని బ్యాంకు లాయరు రాసిచ్చే లీగల్ ఒపీనియన్ కాపీ అడిగి తీసుకోండి, దాని ఫీజు ఎలాగూ మీరే కడుతున్నారు. ఈసీ మాత్రం మీరే చదవండి.

ఈసీ తీయడం తేలిక. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. చాలామంది డాక్యుమెంటు నంబరు ఒక్కటి కొట్టి వచ్చింది ప్రింటు తీసుకుంటారు. అది చాలదు. ఫ్లాటు నంబరు, అపార్టుమెంటు పేరుతో ఒకసారి, స్థలం సర్వే నంబరుతో ఒకసారి విడిగా తీయండి. అపార్టుమెంటు పేరు ఒక్కో డాక్యుమెంటులో ఒక్కోలా ఎక్కి ఉంటుంది. 'శ్రీసాయి' కలిపి ఒకచోట, విడదీసి ఇంకోచోట. నేనైతే నాలుగు రకాలుగా వెతుకుతాను.

ఇప్పుడు ప్రింటు ముందు పెట్టుకోండి. పార్టీల పేర్ల పక్కన రెండేసి అక్షరాలుంటాయి. ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. ఎంఆర్ తాకట్టు పెట్టినవారు, ఎంఈ తాకట్టు పట్టినవారు. ఎంఆర్, ఎంఈ కనిపించిన ప్రతి లైనునూ ఎర్ర పెన్నుతో చుట్టండి.

మధురవాడలో ఒక పాత ఫ్లాటు అనుకుందాం. నేను కల్పించిన ఈసీయే, కానీ ఇలాంటివి మీకు రోజూ కనిపిస్తాయి.

2006, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (అపార్టుమెంటు కట్టే ఒప్పందం), స్థలం ఓనరుకు, బిల్డరుకు మధ్య.
2008, సేల్ డీడ్, బిల్డరు నుంచి మొదటి కొనుగోలుదారుకు.
2008, డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (దస్తావేజులు అప్పజెప్పి పెట్టే తాకట్టు), ఎంఆర్ ఆయనే, ఎంఈ ఒక బ్యాంకు.
2015, సేల్ డీడ్, ఆయన నుంచి ఇప్పుడు మీకు అమ్ముతున్న ఆవిడకు.
2015, మళ్లీ డిపాజిట్, ఎంఆర్ ఆవిడ, ఎంఈ ఇంకో బ్యాంకు.

రెండుసార్లు చదవండి. ఇందులో ఉండాల్సిన లైను ఏది లేదు? 2008 తాకట్టు విడుదలైనట్టు లైనే లేదు. అప్పు తీరితే రిలీజు అనో రిసీటు అనో ఒక ఎంట్రీ ఉండాలి. దాన్ని దాటేసి 2015లో అమ్మకం ఎలా జరిగింది? బహుశా అప్పు తీర్చేసి, విడుదల రిజిస్టరు చేయించుకోవడం మర్చిపోయి ఉంటారు. ఎక్కువగా జరిగేది అదే. కానీ ఇంకో దారి కూడా ఉంది: అసలు దస్తావేజు బ్యాంకు లాకరులో ఉండగానే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చిన నకలు చూపించి అమ్మేయడం.

కాబట్టి 2008 సేల్ డీడ్ అసలు ప్రతి మీ కళ్లతో చూడాలి. జెరాక్సు కాదు, నకలు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం తాకట్టుకు దస్తావేజులు బ్యాంకు చేతికి ఇవ్వడమే చాలు, దాన్ని రిజిస్టరు చేయకపోతే ఆ తాకట్టు ఈసీలో అసలు కనపడదు కూడా. అలాంటివి పట్టుకోవడానికి సెర్సాయ్ అని కేంద్ర రిజిస్ట్రీ 2011 నుంచి ఉంది. బ్యాంకులు తమ తాకట్టుల్ని అందులో నమోదు చేస్తాయి. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. లక్షలు పోసి కొంటూ ఈ ఫీజు దగ్గర బద్ధకించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఇక "డాక్యుమెంటు పోయిందండీ, పోలీసు స్టేషన్లో రాయించాం" అని పేపరు ప్రకటన చూపిస్తే? ఎంత చవకైనా నేనైతే ఆ ఫ్లాటు జోలికి పోను.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సీతమ్మధారలో నేను కొన్న ఫ్లాటు ఈసీలో సరిగ్గా ఈ విడుదల లైనే లేదు. ఈసీ తీయకముందే 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాను, ఆ తెలివితక్కువ నాదే. ఓనరు తాతగారు మంచాయనే. "ఎప్పుడో తీర్చీసేం బాబూ, ఏటవుతాది" అన్నారు. తీరా చూస్తే ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది, బ్రాంచి మారింది, పాత ఫైలు ఏ గోడౌన్లో ఉందో ఎవరికీ తెలీదు. తాతగారూ నేనూ రెండు నెలలు తిరిగాం. చివరికి బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటరు వచ్చి, విడుదల రిజిస్టరయ్యాకే మిగతా డబ్బు కదిలింది. పాత ఈసీల్లో ఆంధ్రా బ్యాంకు పేరు చాలా కనిపిస్తుంది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది కనక విడుదల కాగితం యూనియన్ బ్యాంకే ఇవ్వాలి.

మన ఈసీలో చివరి లైనుకు వద్దాం. ఆవిడ లోను ఇంకా నడుస్తోంది. ఇందులో భయపడాల్సిందేమీ లేదు, డబ్బు ఏ దారిన వెళ్తుందో చూసుకుంటే చాలు. ఆవిడ బ్యాంకు నుంచి రెండు కాగితాలు అడగండి: ఎంత కడితే లోను ముగుస్తుందో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటరు, తమ దగ్గర ఏయే దస్తావేజులున్నాయో చెప్పే డాక్యుమెంట్ల లిస్టు. ఆ లిస్టును మీ దొంతరతో పోల్చండి. బాకీ మొత్తం మీ బ్యాంకు నుంచి నేరుగా ఆవిడ లోను ఖాతాకు చెక్కుగా వెళ్లాలి. "నా ఖాతాలో వేయండి, నేను కట్టేసుకుంటా" అంటే ఒప్పుకోవద్దు, ఎంత తెలిసినవాళ్లయినా సరే. లోను పూర్తిగా తీరాక 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున అప్పు తీర్చినవారికి కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈ సంగతి ఆవిడకు కూడా చెప్పండి, పనికొస్తుంది.

కొత్త అపార్టుమెంట్లలో ఎంఈ పక్కన బ్యాంకు కాకుండా జీవీఎంసీ, అంటే విశాఖ నగర కార్పొరేషన్ కమిషనరు కనిపించొచ్చు. కంగారు పడకండి, అలాగని వదిలేయకండి. ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డరు నుంచి తాకట్టుగా రాయించుకుంటారు, ప్లాన్ దాటి కట్టకుండా. ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదల. మీరు కొనే ఫ్లాటు ఆ పదిశాతంలోది కాకూడదు. ప్లాన్ కాపీ అడిగి, తాకట్టు పెట్టిన భాగం ఏదో చూడండి. మరీ చవకగా వస్తున్న ఫస్టు ఫ్లోరు ఫ్లాటయితే మరీ అడగాలి.

ఈసీ ఖాళీగా, నిల్ అని వచ్చినా సంబరపడొద్దు. వీలునామాలు, నోటి పంపకాలు, కోర్టు కేసులు చాలావరకు అందులో ఎక్కవు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా కూడా అంతే. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 నుంచే ఆ హక్కు ఉంది, 2005 కేంద్ర సవరణతో కూతుళ్లందరికీ వచ్చింది. ఆ కథ ఆరో పాఠంలో. విశాఖవాళ్లు ఇప్పుడే చూడాల్సింది 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు. సింహాచలం దేవస్థానం భూముల గొడవ తెలిసిందే. అడవివరం, వేపగుంట వైపు చూస్తున్నవాళ్లు అదే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే అడ్వాన్సు మాటే ఎత్తొద్దు.

ఈ వారం అభ్యాసం. ఒక ఈసీలో ఇలా ఉంది: 2011 సేల్ డీడ్ తండ్రి పేర. 2012 డిపాజిట్, ఎంఆర్ తండ్రి. 2016 మార్చి గిఫ్టు డీడ్, తండ్రి నుంచి కొడుక్కి. 2016 జులై రిలీజు, బ్యాంకు నుంచి తండ్రికి. ఇప్పుడు కొడుకు అమ్ముతున్నాడు. మార్చిలో 2011 దస్తావేజు ఎవరి దగ్గర ఉన్నట్టు? కొడుకును మీరు అడిగే మొదటి కాగితం ఏది? రాసిపెట్టుకోండి, వచ్చే వారం అగ్రిమెంటు పాఠం దీంతోనే మొదలవుతుంది.