మీ ఊరి పాత మిల్లు చరిత్ర రాయాలంటే

గుంటూరు నుంచి కాకినాడ దాకా ఏ ఊళ్లో దిగినా ఒక పాత మిల్లు కనిపిస్తుంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లో, రైసు మిల్లో, పొగాకు కంపెనీ గోడౌనో. కొన్నిటికి పొగగొట్టం ఒక్కటే మిగిలింది. చాలా వాటి స్థలం ప్లాట్లుగా అమ్ముడైపోయింది. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినన్నాళ్లూ నేను పిల్లల చేత చేయించిన ప్రాజెక్టు ఇదే: మీ ఊరి మొదటి మిల్లు ఎందుకు వచ్చింది, ఎలా నడిచింది, ఏమైంది అన్నది కనుక్కుని రాయడం. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. "ఈ మిల్లు ఎవరు కట్టారు?" అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న వేస్తే ఒక జమీందారు పేరో, ఒక దొర పేరో, ఒక శంకుస్థాపన తేదీయో చేతికొస్తుంది, అక్కడితో కథ ఆగిపోతుంది. "ఈ పంట ఓడ ఎక్కాలంటే దానికి ముందు ఏం చేయాలి?" అని అడగండి. మన కోస్తాలో మొదటి మిల్లులు ఊరికి పరిశ్రమ కావాలన్న ఆలోచనతో పుట్టలేదు. పంటను పైదేశానికి పంపడానికి తప్పనిసరిగా చేయాల్సిన పని చేయడానికి పుట్టాయి. అంతకుమించి ఒక్క అడుగైనా వేశాయా లేదా అన్నదే మీరు తేల్చాల్సిన విషయం.

పంటను బట్టి మిల్లు

పత్తితో మొదలుపెడదాం. చేలో తీసిన పత్తి బరువులో దూది మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, మిగతాదంతా గింజ. గింజతో సహా పంపితే మూడింట రెండు వంతుల కిరాయి దండగ. అందుకే గింజ తీసే పని పంట దగ్గరే జరగాలి. తీసిన దూది మళ్లీ గాలి నిండి ఉబ్బుతుంది. ఓడవాళ్లు అలాంటి సరుకుకి బరువును బట్టి కాక, అది ఆక్రమించే చోటును బట్టి కిరాయి లెక్కగడతారు. కాబట్టి దాన్ని గట్టిగా నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు రేవు దగ్గరో, రేవుకు సరుకు చేరే దారిలోనో ఉండాలి. జిన్నింగు ఒక ఊళ్లో, ప్రెస్సు ఇంకో ఊళ్లో ఎందుకున్నాయని పిల్లలు అడిగేవారు. కారణం ఇదే.

1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందలేదు. మన పత్తికి ధర ఆకాశానికెక్కింది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నల్లరేగడిలో పండి కాకినాడ రేవు నుంచి వెళ్లే పత్తికి వర్తకంలో రేవు పేరే నిలిచిపోయింది, "కొకనాడ" పత్తి అన్నారు. యుద్ధం ముగియగానే ధర కూలింది. కానీ రేవులో వెలిసిన కంపెనీలు, గోడౌన్లు, ప్రెస్సులు అన్నీ దానితో పాటు పోలేదు.

వడ్లది ఇంకో లెక్క. ఆడిస్తే మూడింట రెండు వంతుల దాకా బియ్యం, మిగతాది ఊక, తవుడు, నూక. తెల్ల బియ్యం కన్నా వడ్లు ఎక్కువ కాలం నిలవుంటాయి కాబట్టి రైసు మిల్లు పొలం పక్కనే ఉండి తీరాలనేం లేదు. చెరుకు అలా కాదు, నరికి రోజు దాటితే రసంలో తీపి తగ్గుతుంది, ఫ్యాక్టరీ చేను దగ్గర ఉండక తప్పదు.

పొగాకు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుంటూరు జిల్లాను మార్చింది అదే. వర్జీనియా ఆకును బ్యారన్‌ అనే ఆరబెట్టే గదిలో వేడి గొట్టాల మధ్య దాదాపు వారం రోజులు ఆరబెడతారు. అది రైతు పని. అలా ఆరిన ఆకులో తేమ ఒక్కో కట్టలో ఒక్కోలా ఉంటుంది. ఉన్నదున్నట్టు ఓడ ఎక్కిస్తే సముద్రం మీద బూజు పడుతుంది. అందుకే ఆకును రంగును బట్టి గ్రేడు చేసి, ఈనె తీసి, మళ్లీ ఒక సమాన తేమకు ఆరబెట్టే పెద్ద యంత్రం కావాలి. దాన్ని రీడ్రయింగ్ అంటారు. రైతు ఒక్కడు పెట్టగలిగే యంత్రం కాదది. ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1910లో కలకత్తాలో మొదలైంది, ఆకు కొనుగోలు కోసం రెండేళ్లకు గుంటూరు కేంద్రంగా ఐఎల్‌టీడీ (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ) వచ్చింది. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు దిగుమతి సుంకంలో రాయితీ ఇచ్చింది. ఆ రాయితీని గుర్తుపెట్టుకోండి. చీరాలలో, గుంటూరులో లేచిన షెడ్లకు నేల ఎంత కారణమో లండన్‌లో రాసిన ఆ సుంకం పట్టికా అంతే కారణం. మీ మిల్లు చరిత్రలో ఇలాంటి దూరపు నిర్ణయం ఒకటి తప్పక ఉంటుంది, అది దొరికేదాకా వెతకండి.

నిలబడి ఎటు చూస్తోందో చూడండి

మిల్లు ముఖం ఎటుందో మీ కళ్లతో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855కి వచ్చింది. ఆ కాలవలను నీళ్ల కోసమే కాదు, పడవల కోసం కూడా తవ్వారు. లాకులు కట్టింది అందుకే. చాలా ఏళ్లు డెల్టాలో సరుకంతా పడవల మీదే కాకినాడ చేరింది. అక్కడ తీరం లోతు తక్కువ, ఓడలు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో బేళ్లు తీసుకెళ్లి ఎక్కించేవారు. తర్వాత రైలు వచ్చింది. కృష్ణ మీద వంతెన 1893లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన 1900లో తెరిచారు. దాంతో మద్రాసు, కలకత్తా రెండూ దగ్గరయ్యాయి.

కాబట్టి మిల్లు గేటు కాలవ గట్టుకు తెరుచుకుంటే అది పడవల కాలం నాటిది కావచ్చు. స్టేషన్ వైపు సైడింగు పట్టాలు (మిల్లు దాకా వేసిన పక్క పట్టాలు) ఉంటే 1890ల తర్వాతిదని అనుకోవచ్చు. ఇది రుజువు కాదు, మొదటి అంచనా మాత్రమే. పట్టాలు తీసేసినా నేల మీద గాటు ఉంటుంది, పాత వాళ్లను అడిగితే వేలితో చూపిస్తారు.

లోపలికి రానిస్తే గోడల కన్నా ముందు ఇనుము చూడండి. యంత్రం మీద పోత పోసిన పేరు ఉంటుంది. జిన్నింగు యంత్రాలు తరచుగా ఓల్డమ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌వి, ఆవిరి ఇంజన్లు గెయిన్స్‌బరో మార్షల్ కంపెనీవి, వడ్లు ఆడించే హల్లర్ల మీద ఎంగెల్‌బర్గ్ అని కనిపిస్తుంది. బాయిలర్ ఉంటే దాని మీద రిజిస్టర్ నంబర్ కోసం వెతకండి. 1923 బాయిలర్ల చట్టం ప్రకారం ప్రతి బాయిలర్‌కూ నంబర్ ఇచ్చి తనిఖీ చేసేవారు, ఆ నంబర్ పట్టుకుంటే కాగితం దొరికే అవకాశం ఉంటుంది. పత్తి ప్రెస్సులకైతే 1925లో జిన్నింగు, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దాని ప్రకారం రిజిస్టర్లు పెట్టాల్సి ఉండేది, ఏ ప్రెస్సులో కట్టారో బేలు మీద గుర్తు వేయాల్సి ఉండేది. ఆ గుర్తు ఉన్న పాత గోనె ముక్క మీకు దొరికితే ఫొటో తీసి జాగ్రత్తగా దాచండి, అంత మంచి ఆధారం అరుదు.

కాగితాలు

సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబర్ ఇచ్చి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాల జాబితా) తీయించండి. కంప్యూటర్‌లో వచ్చేది 1983 నుంచే. అంతకు ముందుది కావాలంటే పుస్తకాలు తిరగేయించాలి, దానికి ఓపికా, ఆఫీసులో కాస్త మర్యాదగా మాట్లాడడమూ రెండూ కావాలి. ఆ స్థలం మిల్లు కాకముందు ఎవరి చేనో తహశీల్దారు ఆఫీసులోని డైగ్లాట్ (పాత భూమి రిజిస్టరు) చెబుతుంది.

ఈసీలో అమ్మకాల కన్నా తనఖాలు ఎక్కువ మాట్లాడతాయి. 1929 తర్వాత వచ్చిన మాంద్యంలో ధాన్యం ధర సగానికి అటూ ఇటూగా పడిపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో మిల్లు తాకట్టు పడిందా, చేతులు మారిందా చూడండి. ఎగుమతి ధర మీద బతికే ఊరికి ఆ ధర కూలినప్పుడు ఏమైందో ఆ రెండు పేజీల్లో తెలుస్తుంది.

జిల్లా గెజిటీర్లు (ప్రభుత్వం వేయించిన జిల్లా వివరాల పుస్తకాలు) చదవండి. గోదావరి జిల్లాది 1907లో వచ్చింది. అందులో రేవు, పంటలు, కుటీర పరిశ్రమల మీద అధ్యాయాలున్నాయి. అయితే రాసినవాళ్లు తెల్ల అధికారులు, వాళ్ల కళ్లకు పెద్ద కంపెనీలే ఆనాయి. పైగా 1881 నాటి మొదటి ఫ్యాక్టరీ చట్టం వంద మందికి పైగా పనిచేసే చోట్లకే వర్తించింది. ఏడాదిలో కొన్ని నెలలే తిరిగే చిన్న జిన్నింగు షెడ్డు ఆ లెక్కల్లోకి రాలేదు. ప్రభుత్వ జాబితాలో లేదు కాబట్టి మీ ఊళ్లో మిల్లు లేదని రాయకండి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి ఫైళ్లు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లోనూ, నిజాం కాలంవి హైదరాబాద్ తార్నాకలోనూ ఉంటాయి. తెలంగాణ ఊళ్లైతే అటు వెళ్లాలి.

కొలతల దగ్గర జాగ్రత్త. పుట్టి ఒక్కో తావులో ఒక్కో బరువు. పత్తి కాండీ మద్రాసు లెక్కలో 500 పౌన్లు, బేలు 400 పౌన్లు. కాగితంలో ఉన్న మాటను అలాగే రాసి, పక్కన మీ లెక్క రాయండి.

మనుషులు

నిజానికి ఈ పని అన్నిటికన్నా ముందు చేయాలి. కాగితాలు వచ్చే ఏడాదీ ఉంటాయి, ఎనభై దాటిన మనిషి ఉండకపోవచ్చు. మా అమ్మ పెళ్లికి ముందూ తర్వాతా పొగాకు గ్రేడింగుకు వెళ్లింది. ఆవిడ పేరు నాకు ఏ మస్టరులోనూ (హాజరు పట్టీలోనూ) కనిపించలేదు. గ్రేడింగు షెడ్లలో, జిన్నింగు షెడ్లలో పనిచేసిన వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, మిల్లు చరిత్ర పేరుతో అచ్చయిన వాటిలో వాళ్లు దాదాపు కనిపించరు. మీరు రాస్తే తప్ప ఎవరూ రాయరు.

వెళ్లినప్పుడు "అప్పట్లో కూలి ఎంత?" అని మొదట్లోనే అడగకండి. ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. "పనికి ఎవరు పిలిచేవారమ్మా? మేస్త్రి మీ వాడకట్టు వాడేనా? మిల్లు కూత ఎన్నింటికి? పసిబిడ్డను ఎక్కడ పడుకోబెట్టేవారు? ఆకు రంగు సరిగా తీయలేదంటే ఏమనేవారు? సీజను అయిపోయాక ఏ పనికి పోయేవారు?" అని అడగండి. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. మిల్లు ఆరు నెలలు పనిచ్చి ఆరు నెలలు పొలానికి పంపేస్తే ఊళ్లో పూర్తిస్థాయి కార్మికులు తయారు కారు. దూది దుమ్ముకు వచ్చిన దగ్గు గురించి, రోలర్ల మధ్య పడి పోయిన వేళ్ల గురించి వాళ్లే చెబుతారు, మీరు తొందరపెట్టకండి. రికార్డు చేసే ముందు తప్పకుండా అడగండి.

కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్లైతే రంగూన్ సంగతి అడగండి. 1942కు ముందు ఆ తీరం నుంచి వేలమంది ఓడెక్కి బర్మా రైసు మిల్లులకు, రేవు పనికి వెళ్లారు. అక్కడి మిల్లులు బాయిలర్లలో ఊకనే కాల్చి నడిచేవి, బొగ్గు కొననక్కర్లేదు. ఓడ ప్రయాణం నెలల తరబడి సాగిన రోజుల్లో పూర్తిగా తెల్లగా ఆడించిన బియ్యం దారిలో పాడయ్యేవి, అందుకే కొంత వడ్లు కలిసిన ముతక సరుకే యూరప్‌కు పంపేవారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ప్రయాణం తగ్గింది, తెల్ల బియ్యం ఆడించే పని రంగూన్‌లోనే పెరిగింది, దానితో మన కూలీల అవసరమూ పెరిగింది. జపాన్ బాంబులు పడ్డాక చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. మీ ఊరి రైసు మిల్లులో మొదటి ఫిట్టరు రంగూన్‌లో పని నేర్చుకున్నాడేమో అడిగి చూడండి.

ఆగిందా, ముందుకు వెళ్లిందా

ఇప్పుడు అసలు ప్రశ్నకు రండి. జిన్నింగు మిల్లు పక్కన గింజ నుంచి నూనె తీసే మిల్లు వచ్చిందా? నూనె తీశాక మిగిలిన చెక్క ఎవరు కొన్నారు? యంత్రం పాడైతే బాగుచేసే లేతు షెడ్డు ఊళ్లో వెలిసిందా, లేక మద్రాసు నుంచి మనిషి రావాల్సి వచ్చిందా? సరుకు నింపే గోనె సంచి ఎక్కడిది? నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరుల్లో జనపనార మిల్లులు నిలబడటానికి ఈ సంచుల అవసరం ఒక కారణం. పత్తి పండిన గుంటూరులో బట్టల మిల్లులు బొంబాయి, అహ్మదాబాద్‌ల స్థాయిలో ఎందుకు రాలేదో కూడా ఇక్కడే ఆలోచించండి. నా అభిప్రాయం ఇది: ప్రెస్సులూ, ఓడలూ, కొనుగోలూ బయటి కంపెనీల చేతుల్లో ఉన్నంతకాలం లాభం రేవు దాటి పోయింది, రైతు చేతికి వచ్చిన డబ్బు ఎక్కువగా మళ్లీ భూమిలోకే వెళ్లింది. దాన్ని పరిశ్రమ వైపు తిప్పే సంస్థలు మనకు ఆలస్యంగా వచ్చాయి. మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు 1923లో, తణుకులో ఆంధ్రా షుగర్స్ 1947లో. మీ ఊరి ఆధారాలు నా మాటకు ఎదురు చెబితే అదే రాయండి, నాకు పంపండి, సంతోషిస్తాను.

రాసేటప్పుడు ఎవరు చెప్పారో, కాగితం ఏదో, మీ ఊహ ఏదో విడివిడిగా కనిపించాలి. చేత్తో గీసిన ఒక పటం పెట్టండి: కాలవ, స్టేషను, మిల్లు, కూలీల పేట. ఫొటో వెనక తేదీ, సర్వే నంబర్ రాయండి. అచ్చు తీసిన ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికి, ఒకటి మీతో మాట్లాడిన ప్రతి ఇంటికి ఇవ్వండి. చదవడం రానివాళ్లుంటే వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్లు చెప్పిన భాగం పైకి చదివి వినిపించండి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు.